గోదావరి మొగల్లో తిరిగే చిన్న కాటమరాన్‌కి లంగరు గొలుసు, తాడు ఎలా ఎంచుకోవాలి

కాకినాడ నుంచైనా నరసాపురం నుంచైనా నన్ను అడిగేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్ని మిల్లీమీటర్ల గొలుసు కొనాలండి?" ఆ ప్రశ్నకి జవాబు ఉంది, కింద చెబుతాను. కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి నాలుగైదు ఉన్నాయి. అవి తేల్చకుండా కొట్టుకి వెళ్ళి బరువైన గొలుసు కొనుక్కొచ్చినవాళ్ళ పడవలు కూడా రాత్రిపూట లంగరు ఈడ్చుకుంటూ పోవడం నేను చూశాను.

ఇక్కడ కాటమరాన్ అంటే ఉప్పాడ ఒడ్డున కనిపించే తెప్ప కాదు. రెండు హల్‌లు (నీళ్ళలో తేలే సన్నటి దొప్పలు), మధ్యలో డెక్, పైన చిన్న క్యాబిన్, రాత్రి పడుకునే వీలు ఉన్న 28 నుంచి 33 అడుగుల పడవ. సామానుతో కలిపి మూడు నుంచి ఐదు టన్నుల లోపు. మీ పడవ ఇంతకంటే పెద్దదైతే పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మారతాయి.

1. కొట్టుకి వెళ్ళే ముందు కొలవాల్సినవి

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. గుర్తుంటుందిలే అనుకోవద్దు, కొట్టులో నిలబడ్డాక ఏదీ గుర్తుండదు.

- పడవ పొడవు, వెడల్పు, నీళ్ళు డీజిలు సామాను ఎక్కించాక బరువు
- నీటి మట్టం నుంచి లంగరు రోలర్ (ముక్కు దగ్గర గొలుసు జారే చక్రం) ఎంత ఎత్తులో ఉందో
- రెండు హల్‌ల ముందు కొసల మధ్య దూరం
- గొలుసు పెట్టె పొడవు, వెడల్పు, లోతు
- విండ్‌లాస్ (గొలుసు ఎత్తే యంత్రం) ఉంటే దాని గొలుసు చక్రం మీద ఉన్న ముద్ర (ఎన్ని మిల్లీమీటర్లు, ఏ ప్రమాణం)
- ముందు క్లీట్లు (తాళ్ళు చుట్టి కట్టే కొమ్ములు) ఎలా బిగించారో: కింద గట్టి పలక పెట్టి బోల్టులు వేశారా, ఉత్త స్క్రూలేనా

చివరిది చాలామంది వదిలేస్తారు. ఫైబర్ డెక్‌లోకి ఉత్త స్క్రూలతో బిగించిన క్లీటు ఉంటే గొలుసు సంగతి తర్వాత, ముందు ఆ క్లీటు విప్పి, కింద పలక వేసి, బోల్టులతో మళ్ళీ బిగించండి. ఎంత మంచి తాడు కొన్నా చివరికి ఆ బరువంతా పడేది దాని మీదే.

2. మీరు ఎక్కడ ఆగుతారు?

మన దగ్గర నేల దాదాపు అంతా బురదే. కాకినాడ తీరానికీ హోప్ ఐలాండ్‌కీ మధ్య ఉన్న నీళ్ళలో మెత్తని బురద, అక్కడక్కడా ఆలిచిప్పలు. కోరింగ వైపు, భైరవపాలెం వైపు పాయల్లో మడ అడవుల నల్ల బురద, అందులో వేర్లు. వశిష్ఠ మొగ అంతర్వేది దగ్గర, వైనతేయ మొగ ఓడలరేవు దగ్గర ఇసుక మేటలు, అవి ఏటా జరుగుతుంటాయి. ఎక్కడ చూసినా లోతు తక్కువ, చాలాచోట్ల రెండు మూడు మీటర్లే. మన సరంగులు బారల్లో చెబుతారు, ఒక బార అంటే ఆరు అడుగులు అనుకోండి.

పోటుకీ పాటుకీ తేడా అమావాస్య, పున్నమి రోజుల్లో మీటరు దాటి మీటరున్నర దాకా ఉంటుంది. పాయల్లో పోటు ఎక్కేటప్పుడు నీళ్ళు ఒకవైపు, పాటు తీసేటప్పుడు ఇంకోవైపు లాగుతాయి. అంటే రోజుకి నాలుగుసార్లు మీ పడవ లంగరు చుట్టూ తిరుగుతుంది.

ఇక గాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో వచ్చే ఈదురుగాలి నిమిషాల్లో దిక్కు మార్చేస్తుంది. అక్టోబరు దాటాక ఈశాన్యపు గాలి, కాకినాడ అఖాతం ఉత్తరం వైపు తెరిచి ఉంటుంది కాబట్టి ఆ గాలికి అల లోపలికి వస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తితే నదిలో ప్రవాహం ఒకేవైపు. దుంగలు, గుర్రపు డెక్క కొట్టుకొచ్చి లంగరు తాడుకి పట్టేస్తాయి. వరద రోజుల్లో పెద్ద పాయలో లంగరు వేసి పడుకోకండి. దానికి సరిపోయే గొలుసు ఈ సైజు పడవకి లేదు.

తుఫాను సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పోర్టులో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేశారంటే పడవని హార్బరు లోపలికో, ఒడ్డుకో చేర్చాలి. ఈ వ్యాసంలో ఉన్న ఏ లెక్కా తుఫానులో బయట లంగరు వేసుకుని కూర్చోవడానికి కాదు.

3. ఎంత పొడవు కావాలో లెక్క వేయండి

పొడవు ఎంతో తేలితే మందం తేల్చుకోవడం తేలికవుతుంది. అందుకే దీన్ని ముందు పెట్టాను.

లెక్కలో మూడు కలపాలి: పాటు సమయంలో లోతు, పోటుకి పెరిగే ఎత్తు, నీటి నుంచి రోలర్ ఎత్తు. ఈ మూడో అంకెని ఎక్కువమంది మర్చిపోతారు. లోతు ఎక్కువున్నచోట దాన్ని మరిచినా పెద్ద తేడా రాదు గానీ, మన మూడు మీటర్ల నీళ్ళలో అది లెక్కనే మార్చేస్తుంది.

ఉదాహరణకి 3 మీటర్ల లోతు, 1.5 మీటర్ల పోటు, 1.2 మీటర్ల రోలర్ ఎత్తు. మొత్తం 5.7 మీటర్లు.

- అంతా గొలుసే అయితే 5 రెట్లు: 28.5 మీటర్లు
- గొలుసు, తాడు కలిపి అయితే 7 రెట్లు: 40 మీటర్లు
- ఈదురుగాలి పట్టేలా ఉంటే 10 రెట్లు: 57 మీటర్లు

ఎప్పుడైనా మొగ దాటి బయట 10 మీటర్ల నీళ్ళలో ఆగాల్సి వస్తే మొత్తం 12.7 మీటర్లు, అక్కడ లోతు ఎక్కువ కాబట్టి ఆరు రెట్లు అనుకుంటే 76.

కాబట్టి మన ప్రాంతానికి మొత్తం 80 మీటర్లు ఉంటే చాలు. అందులో గొలుసు ఎంత, తాడు ఎంత అన్నదే తర్వాతి ప్రశ్న.

ఒక జాగ్రత్త. లోతు చూపించే డెప్త్ సౌండర్ చాలా పడవల్లో హల్ అడుగున ఉంటుంది, అది చూపించేది అక్కడి నుంచి నేలకి ఉన్న దూరం. నీటి మట్టం నుంచి సౌండర్ ఎంత కిందకి ఉందో కొలిచి ఆ అంకె కలపండి. ఒక పొడవాటి వెదురు గెడకి గుర్తులు పెట్టుకుని ఒకసారి సరిచూసుకుంటే అనుమానం పోతుంది.

4. గొలుసు ఎంత, తాడు ఎంత

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

గొలుసు వల్ల లాభాలు రెండు. నేల మీద చిప్పలకీ రాళ్ళకీ కోసుకుపోదు. రెండోది, బరువుకి కిందకి వంగి ఉండి, గాలి లాగినప్పుడు ఆ వంపు తిన్నగా అవుతూ కుదుపుని మింగుతుంది. లోతైన నీళ్ళలో ఈ వంపు బాగా పనిచేస్తుంది. మన లోతు తక్కువ నీళ్ళలో వంపుకి చోటే లేదు.

లెక్క చూడండి. పైన చెప్పిన 5.7 మీటర్లకి 8 మిల్లీమీటర్ల గొలుసు 30 మీటర్లు వదిలారు. పడవ సుమారు 100 కేజీల బలంతో లాగితే చాలు, గొలుసు మొత్తం నేల మీద నుంచి లేచిపోతుంది. గాలికి ఎదురుగా పది చదరపు మీటర్ల మేర అడ్డుపడే 30 అడుగుల కాటమరాన్‌కి 25 నాట్ల గాలిలోనే (ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) అంత లాగుడు వస్తుంది. "అయితే 10 మిల్లీమీటర్లది వేస్తే?" అంటారు. అప్పుడు 155 కేజీల దాకా ఆగుతుంది, అంటే గాలి 31 నాట్లు. ముప్ఫై మీటర్లకి ఇరవై కేజీల పైగా బరువు ముక్కు మీద మోసి సంపాదించింది ఆరు నాట్లు. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లు అవుతుంది. 50 నాట్ల ఈదురుగాలిలో రెండు గొలుసులూ వీణ తీగలా బిగిసే ఉంటాయి.

గొలుసు బిగిశాక ప్రతి అలకీ దెబ్బ నేరుగా లంగరు మీద, క్లీటు మీద పడుతుంది. ఆ దెబ్బని మింగేది సాగే తాడు. మన నీళ్ళలో బరువైన గొలుసు చేయలేని పని నైలాన్ తాడు చేస్తుంది.

బరువు కూడా చూడండి:

- 10 మి.మీ. గొలుసు 60 మీటర్లు: సుమారు 135 కేజీలు
- 8 మి.మీ. గొలుసు 60 మీటర్లు: సుమారు 85 కేజీలు
- 8 మి.మీ. గొలుసు 30 మీటర్లు, 14 మి.మీ. నైలాన్ 50 మీటర్లు: 50 కేజీల లోపు

కాటమరాన్ హల్‌లు సన్నగా ఉంటాయి, ముందువైపు బరువు పెరిగితే ముక్కులు దిగబడి అలలోకి గుచ్చుకుంటాయి. అందుకే నా సలహా మూడోది. 28 నుంచి 33 అడుగుల పడవకి 8 మి.మీ. గొలుసు 30 మీటర్లు, దాని వెనక 14 మి.మీ. మూడు పేటల నైలాన్ 50 మీటర్లు. మామూలు రోజుల్లో గొలుసు మాత్రమే నీళ్ళలో ఉంటుంది, గాలి పెరిగితే తాడు వదులుతారు.

రెండో సెట్టు కూడా ఒకటి ఉంచుకోండి: 10 మీటర్ల గొలుసు, 40 మీటర్ల నైలాన్, సంచిలో పెట్టి. మొదటి లంగరు దుంగకి పట్టేసి రాకపోతే ఆ రాత్రికి మీకు ఇదే దిక్కు.

5. గొలుసు కొనేటప్పుడు

హార్డ్‌వేర్ కొట్లలో దొరికే మామూలు గొలుసు పొడవాటి లింకులది, దాని బలం ఎంతో ఎవరూ రాసివ్వరు. మీకు కావాల్సింది పొట్టి లింకుల, ఒకే కొలతకి తయారుచేసిన లంగరు గొలుసు.

గ్రేడ్, అంటే ఉక్కు బలాన్ని చెప్పే అంకె, అడగండి. 8 మి.మీ. గ్రేడ్ 30 గొలుసు తెగే బలం సుమారు 3 టన్నులు, గ్రేడ్ 40 అయితే 4 టన్నులు. రోజూ వేసే భారం అందులో నాలుగో వంతు దాటకూడదు. మన సైజు పడవకి గ్రేడ్ 30 సరిపోతుంది, గ్రేడ్ 40 దొరికితే అదే తీసుకోండి. గ్రేడ్ 70 జోలికి వెళ్ళనక్కర్లేదు. జింకు పూత పోయాక మళ్ళీ వేయించాలంటే సుమారు 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచుతారు, వేడి చేసి గట్టిపరిచిన ఉక్కు ఆ వేడికి కొంత బలం కోల్పోవచ్చు.

జింకు పూతా, స్టెయిన్‌లెస్సా? మన బురదకి జింకు పూత గొలుసే. స్టెయిన్‌లెస్ మెరుస్తూ ఉండాలంటే దానికి గాలి తగలాలి. ఆక్సిజన్ లేని నల్ల బురదలో రోజుల తరబడి ఉంటే సందుల్లో గుంటలు పడి, పైకి ఏమీ తెలియకుండానే తెగుతుంది. జింకు గొలుసు పాడైతే తుప్పు కంటికి కనిపిస్తుంది.

కొట్టులో చేయాల్సినవి:

- వెర్నియర్ కాలిపర్ (మందం కొలిచే పనిముట్టు) తీసుకెళ్ళి లింకు మందం నాలుగుచోట్ల కొలవండి
- పది లింకులు తిన్నగా లాగి బయటి కొసల మధ్య కొలవండి. 8 మి.మీ. గొలుసులో లింకు లోపలి పొడవు 24 మి.మీ. అయితే 256 మి.మీ. రావాలి
- లింకుల మీద గ్రేడ్ ముద్ర ఉందేమో చూడండి, టెస్ట్ సర్టిఫికెట్ అడగండి
- ప్రతి లింకు అతుకు గరుకుగా లేకుండా ఉందా, జింకు బొట్లు కట్టి లింకులు అంటుకున్నాయా చూడండి
- విండ్‌లాస్ ఉంటే ఒక మీటరు ముక్క ముందు తెచ్చుకుని చక్రం మీద తిప్పి చూశాకే మొత్తం కొనండి

విండ్‌లాస్ ఉన్నవాళ్ళు 10 మి.మీ. కొనేటప్పుడు మరీ జాగ్రత్త. డిన్ 766 అనే జర్మన్ ప్రమాణంలో లింకు లోపలి పొడవు 28 మి.మీ., ఐఎస్ఓ 4565 అనే అంతర్జాతీయ ప్రమాణంలో 30. చూడ్డానికి ఒకటిలాగే ఉంటాయి, తప్పుది కొంటే చక్రం మీద ఎగిరెగిరి జారుతుంది. 8 మి.మీ.లో రెండింటికీ 24 కాబట్టి ఆ టెన్షన్ లేదు.

6. తాడు: నైలాన్ అంటే నిజంగా నైలానేనా

మన ఊళ్ళలో ప్లాస్టిక్‌లా కనిపించే ప్రతి తాడునీ నైలాన్ తాడు అనే అంటారు. నా మొదటి పడవకి కొన్న నీలం తాడు కూడా అలాంటిదే. "ఆయ్, నైలానేనండి" అన్నారు కొట్టాయన, నేనూ నమ్మాను. అది పాలీప్రొపిలీన్. హోప్ ఐలాండ్ పక్కన ఒక ఏప్రిల్ రాత్రి పోటు తిరిగి గాలికి ఎదురు నిలిచింది. పడవ లంగరు మీదకి వచ్చేసరికి తాడు వదులై నీటిపైన తేలి చుక్కాని పక్కకి చేరింది. అది చూసుకోకుండా ఇంజన్ వేశాం, ప్రొపెల్లర్‌కి చుట్టుకుని తెగింది. ఇద్దరం నీళ్ళలోకి దిగి చీకట్లో చాకుతో కోసి విడిపించాం. మునిగే తాడు అయ్యుంటే ఇదేమీ జరిగేది కాదు.

పరీక్ష చాలా తేలిక. జానెడు ముక్క కోయించుకుని బకెట్ నీళ్ళలో వేసి, బుడగలు పోయేలా పిండి వదలండి.

- తేలితే పాలీప్రొపిలీనో, పాలీఎథిలీనో. లంగరుకి వద్దు.
- మునిగితే నైలానో, పాలియెస్టరో. ఇంకో పరీక్ష కావాలి.

మునిగిన రెండింటినీ విడదీయాలంటే రెండు మీటర్ల ముక్క ఒక కొస స్తంభానికి కట్టి ఇద్దరు గట్టిగా లాగండి. నైలాన్ సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. పాలియెస్టర్ పెద్దగా సాగదు. పాలియెస్టర్ మంచి తాడే, తెరచాపలకి అదే కావాలి. లంగరుకి మాత్రం సాగేదే కావాలి.

మందం విషయంలో "లావుగా ఉంటే మంచిదేగా" అనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. 12 మి.మీ. మూడు పేటల నైలాన్ తెగే బలం సుమారు 3 టన్నులు, 14 అయితే 4, 16 అయితే 5 పైన. తాడు లావయ్యేకొద్దీ అదే లాగుడుకి తక్కువ సాగుతుంది. 20 మి.మీ. మోకు కట్టారంటే సాగే గుణం చాలావరకు పోగొట్టుకున్నట్టే. 14 తీసుకోండి. తడిస్తే నైలాన్ బలం పదీ పదిహేను శాతం తగ్గుతుంది, అది లెక్కలో పెట్టినా 14 సరిపోతుంది.

మూడు పేటలదా, అల్లిక తాడా అని కూడా అడుగుతున్నారు. మూడు పేటలదే. ఎక్కువ సాగుతుంది, ఇంట్లో కూర్చుని మీరే స్ప్లైస్ చేసుకోవచ్చు (ముడి లేకుండా పేటలు తాడులోకే అల్లి కలపడం), ఎక్కడైనా పేట తెగితే కంటికి కనిపిస్తుంది. దాని లోపం ఒకటే, మెలి పడుతుంది. చుట్టేటప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టండి.

తాడు ఒకే ముక్కగా 50 మీటర్లు కొనండి. రెండు ముక్కలు ముడి వేసుకోవచ్చు అనుకోవద్దు, ముడి పడ్డచోట బలం మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది.

7. అతుకులు

గొలుసూ తాడూ ఎంత మంచివైనా, పోయేది అతుకు దగ్గరే.

లంగరుకీ గొలుసుకీ మధ్య: జింకు పూత ఉన్న, విల్లు ఆకారపు షాకిల్ (పిన్ను బిగించి మూసే లోహపు కొక్కెం). ఒళ్ళు మీద పని భారం ముద్ర ఉండాలి. 8 మి.మీ. గొలుసుకి 10 మి.మీ. షాకిల్, దాని మీద 1 టన్ను అని ఉంటుంది. పిన్ను చివరి లింకులో దూరుతుందో లేదో కొట్టులోనే పెట్టి చూడండి. ముద్ర లేని షాకిల్ ఎంత లావున్నా తీసుకోవద్దు.

పిన్ను బిగించాక దాని చెవి కన్నంలోంచి తీగ తెచ్చి షాకిల్ ఒంటికి రెండుమూడు చుట్లు చుట్టి మెలేయండి. ప్లాస్టిక్ ట్యాగ్ ఎండకి పొడి అయిపోతుంది. తీగ వేయని షాకిల్ ఆటుపోట్లకి రోజుకి నాలుగుసార్లు తిరుగుతూ తిరుగుతూ ఒకరోజు విడిపోతుంది.

స్వివెల్ (మెలి పడకుండా తనలో తనే తిరిగే అతుకు) పెట్టాలా? గొలుసు మెలితిరిగి ఎత్తేటప్పుడు ఇబ్బంది పెడుతుంటేనే. లేకపోతే అదొక అదనపు అతుకు.

గొలుసుకీ తాడుకీ మధ్య రెండు దారులు:

- చేత్తో ఎత్తేవాళ్ళకి: తాడు కొసన లోహపు థింబుల్ (కన్ను లోపల తాడు అరగకుండా పెట్టే గాడి) పెట్టి కన్ను స్ప్లైస్, దానికి షాకిల్. తాడు అరగదు.
- విండ్‌లాస్ ఉన్నవాళ్ళకి: తాడు పేటలు చివరి లింకులోంచి తిప్పి వెనక్కి తాడులోనే అల్లడం. చక్రం మీద ఆగకుండా వెళ్తుంది. ఏడాదికోసారి కోసి కొత్తగా అల్లాలి.

నైలాన్ జారుడు కాబట్టి ఏ స్ప్లైస్ అయినా ప్రతి పేటనీ కనీసం ఐదుసార్లు దూర్చండి, ఏడుసార్లయితే నిశ్చింత. ఇది రాకపోతే వలలు కుట్టే చోటికి వెళ్ళి అడగండి. ఒక గంట కూర్చుంటే నేర్పిస్తారు, అంత ఓపికగా నేర్పేవాళ్ళు ఇంకెక్కడా దొరకరు.

తాడు అవతలి కొస పడవలో బలమైన కంటికి కట్టి ఉండాలి, ఆ కట్టు డెక్ మీదకి వచ్చేంత పొడవుండాలి. ప్రాణం మీదకి వస్తే చాకుతో ఒక్క వేటుకి కోసి వదిలి వెళ్ళిపోగలగాలి. షాకిల్‌తో బిగిస్తే ఆ అవకాశం ఉండదు.

8. బ్రైడిల్ లేకుండా కాటమరాన్‌కి లంగరు పూర్తి కాదు

ఒక్క తాడు మీద ఆపిన కాటమరాన్ గాలికి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఊగిన ప్రతిసారీ పక్క గాలి తగిలి లాగుడు పెరుగుతుంది. రెండు ముందు కొసల నుంచి రెండు తాళ్ళు తెచ్చి గొలుసుకి కలిపితే పడవ గాలికి ఎదురుగా నిలబడుతుంది. దాన్నే బ్రైడిల్ అంటారు.

ఒక్కో తాడు పొడవు ముందు కొసల మధ్య దూరానికి ఒకటిన్నర రెట్లు. దూరం 4.5 మీటర్లయితే ఒక్కోటి 6.75, అంటే 7 మీటర్లు అనుకోండి, క్లీటు దగ్గర కట్టుకోవడానికి ఇంకో రెండు మీటర్లు. పొట్టిగా చేస్తే కోణం వెడల్పయి తాళ్ళ మీద భారం పెరుగుతుంది. గొలుసు మాత్రమే బయట ఉన్న రోజుల్లో మీకున్న సాగే తాడల్లా ఈ బ్రైడిలే, అందుకే ఇదీ నైలానే అయి ఉండాలి. 12 మి.మీ. చాలు.

గొలుసుకి తగిలించడానికి చెయిన్ హుక్ వాడొచ్చు. లోతు తక్కువ కాబట్టి గాలి లేనప్పుడు హుక్ బురదలో ఆనుకుని ఊడిపోతుంది, గట్టిగా పట్టుకునే కొక్కెం చూడండి. తాడు బయట ఉన్నప్పుడు హుక్ పనికిరాదు, రోలింగ్ హిచ్ ముడి వేయాలి, దాన్ని ఒడ్డున పదిసార్లు వేసి చేతికి అలవాటు చేసుకోండి.

వేసే వరుస ఇది:

1. గొలుసు కావాల్సినంత వదిలి, లంగరు పట్టిందని చూసుకోండి.
2. బ్రైడిల్ గొలుసుకి తగిలించండి.
3. ఇంకో మూడు నాలుగు మీటర్ల గొలుసు వదలండి, బరువు బ్రైడిల్ మీదకి రావాలి, వెనక గొలుసు వదులుగా వేలాడాలి.
4. మిగతా గొలుసుని విండ్‌లాస్ మీద కాకుండా క్లీటుకి కట్టండి. విండ్‌లాస్ ఎత్తడానికే, పట్టుకోవడానికి కాదు.

తాడు డెక్ అంచుకి ఒరుసుకునేచోట నేత గుడ్డ గొట్టం తొడగండి, పాత ఫైర్ హోస్ ముక్క బాగుంటుంది. ప్లాస్టిక్ పైపు తొడిగితే సాగి ముడుచుకునే నైలాన్‌కి లోపల పుట్టే వేడి బయటికి పోదు, నీరు లోపలికి రాదు, పైకి బాగున్నట్టే ఉండి లోపల మెత్తబడుతుంది.

9. గుర్తులు పెట్టుకోండి

గుర్తుల్లేని గొలుసుతో పైన వేసిన లెక్కలన్నీ వృథా. గొలుసుకి ప్రతి 5 మీటర్లకీ నాలుగు లింకులు రంగు వేయండి, ఒక గుర్తు తెలుపు, తర్వాతి గుర్తు ఎరుపు, అలా. మన బురదలో రంగు ఏడాది ఆగితే గొప్ప, అందుకే అదే చోట లింకులో గుడ్డ పీలిక కూడా కట్టండి. తాడుకైతే పేటల మధ్య రంగు గుడ్డ దూర్చండి. పాత చీర అంచు చింపి వాడండి, చీకట్లో చేతికి కూడా తెలుస్తుంది: 40 దగ్గర ఒక పీలిక, 50 దగ్గర రెండు, 60 దగ్గర మూడు, 70 దగ్గర నాలుగు.

10. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

*లంగరు వేసిన వెంటనే ఇంజన్ వెనక్కి గట్టిగా వేయడం.* మెత్తని బురదలో లంగరు దిగడానికి టైం పడుతుంది. "బురదకి తొందర పనికిరాదు బాబూ" అని భైరవపాలెంలో ఒక పెద్ద సరంగు నాకు చెప్పారు. ఆయన చెప్పినట్టే పది పదిహేను నిమిషాలు ఆగి, తర్వాత నెమ్మదిగా వెనక్కి లాగి చూడండి, అప్పుడు వేగం పెంచండి. తేడా మీకే తెలుస్తుంది.

*లంగరు జారుతోంది.* ముందు ఇంకో పది మీటర్లు వదలండి. అయినా జారితే ఎత్తి చూడండి, కొనకి గోనె సంచో, వల ముక్కో, గుర్రపు డెక్క వేర్లో పట్టి ఉంటాయి. శుభ్రం చేసి కొత్తచోట వేయండి.

*చేపల పడవల పక్కనే ఆగడం.* వాళ్ళు తక్కువ తాడు మీద ఉంటారు, మీరు 40 మీటర్ల మీద ఉంటారు. నీటి లోపల తక్కువ, గాలిలో ఎక్కువ ఉండే కాటమరాన్‌ని గాలి ఒకవైపు తోస్తుంటే వాళ్ళ పడవని నీళ్ళు ఇంకోవైపు లాగుతాయి. దూరంగా ఆగండి, వలల దారి విడిచి, పోర్టు ఓడల దారి అసలే విడిచి.

*లంగరు మడ వేళ్ళలోనో దుంగ కిందో ఇరుక్కుంది.* పాయల్లో వేసేటప్పుడే లంగరు తల వైపు సన్నటి తాడు కట్టి దాని పై కొసకి నీటిపైన తేలే బుంగ కట్టి వదలండి. ఇరుక్కుంటే ఆ తాడు పట్టి వెనక నుంచి లాగితే వస్తుంది. ఈ సన్న తాడు పాలీప్రొపిలీన్ అయితే పోటు తిరిగినప్పుడు మళ్ళీ అదే ప్రొపెల్లర్ గొడవ, కాబట్టి లోతుకి సరిపోయేంతే ఉంచండి.

*గొలుసు పెట్టెలో గుట్టలా పేరుకుని విండ్‌లాస్ దగ్గర ఇరుక్కుంటోంది.* పెట్టె లోతు చాలదు. ఎత్తేటప్పుడు ఒకరు చేత్తో గుట్టని పక్కకి తొయ్యాలి, ముందు కరెంటు ఆపి.

*షాకిల్ పిన్ను తుప్పుకి పట్టేసింది.* వేసేటప్పుడే మరకి గ్రీజు పూయండి. ఇప్పటికే పట్టేసి ఉంటే వేడి చేసి విప్పి, ఆ షాకిల్ పారేసి కొత్తది వేయండి.

11. కొన్నాక చూసుకోవడం

ప్రతిసారీ ఎత్తేటప్పుడు బురద కడిగేయండి. బురదలోని సన్న ఇసుక తాడు పోగుల మధ్యకి చేరి లోపల్నుంచి కోస్తుంది. మడ బురద, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చేది, గొలుసుని నల్లగా చేసి జింకుని త్వరగా తినేస్తుంది. యానాం దాటి పైకి వెళ్ళినప్పుడు నీళ్ళు తీపిగా ఉంటే తాడు మొత్తం వదిలి ఒక పూట నాననివ్వండి, గట్టిపడ్డ నైలాన్ మెత్తబడుతుంది.

నెలకోసారి:

- షాకిల్ తీగలు, థింబుల్, స్ప్లైస్ చూడటం
- తాడు పేటలు విప్పి లోపల పొడి రాలుతుందేమో చూడటం
- బ్రైడిల్ రెండు కాళ్ళూ ఒకే పొడవున్నాయా కొలవడం, ఒకటి ఎక్కువ సాగి ఉంటే రెండూ మార్చడం

ఏడాదికోసారి, వరదలు తగ్గాక అక్టోబరులో తుఫానుల కాలం ముదరకముందే:

- గొలుసుని తిరగేయడం, లంగరు వైపు కొస లోపలికి, లోపలి కొస లంగరుకి
- లంగరు వైపు మొదటి పది మీటర్లలో లింకులు ఒకదానికొకటి ఒరుసుకునే చోట కాలిపర్‌తో కొలవడం. 8 మి.మీ. లింకు 7.2కి వచ్చిందంటే ఆ గొలుసు పని అయిపోయింది. మధ్యలో నాలుగు లింకులే అరిగాయని వెల్డింగ్ చేయించి కలపకండి, అతికిన లింకు బలం ఎవరూ చెప్పలేరు
- తాడుని కూడా తిరగేయడం, కొసల్లో గరుకెక్కిన మీటరు కోసేసి కొత్త స్ప్లైస్ వేయడం, కోసిన మేరకు చీర పీలికల గుర్తులు జరపడం